భయానకరసమూ, ప్రేక్షకుడూ

పులి అలికిడి విన్న లేడి పారిపోతుంది. చీకటిలో కాలికి చల్లగా ఏదో తగిలితే మనిషి కేకవేసి వెనుకకు దుముకుతాడు. అది పామో త్రాడో తరువాత చూచుకొంటాడు. భయహేతువు నుండి తొలగిపోవడం ప్రాణధర్మం. ఆ ధర్మం లేకపోతే ఏ జాతీ భూమిమీద మిగిలి ఉండేది కాదు. అట్టి ప్రాణులలో ఒకటి మాత్రం సాయంకాలం కాగానే టిక్కెట్టు కొని, చీకటి హాలులో నలుగురితో కలిసి కూర్చుండి, తనను భయపెట్టవలసిందని కోరుకొంటుంది. తగినంత భయం కలుగకపోతే డబ్బు దండుగయిందని విసుగుకొంటుంది కూడ. ఈ విచిత్రప్రాణి మానవుడు.

భయానక చిత్రాలపై గల ఈ మక్కువను గురించి పెద్దలు సాధారణంగా రెండు విధాలుగా మాట్లాడుతుంటారు. ఇది హీనాభిరుచి అనీ, మూఢవిశ్వాసాలకు పాలుపోసి పెంచడమనీ కొందరు నిందిస్తారు. రెండు గంటల కాలక్షేపానికి ఇంత విచారమెందుకని మరికొందరు త్రోసివేస్తారు. ఈ ఇరువురూ ప్రేక్షకుణ్ణి అడగవలసిన ప్రశ్న అడగలేదు. అతడు అక్కడికి ఏమి కోరి వెళుతున్నాడు? ఆ కోరిక తీరిన తరువాత అతడు మునుపటికంటె మంచివాడుగా బయటికి వస్తున్నాడా, లేదా? మొదటిది రసశాస్త్రానికి సంబంధించిన ప్రశ్న. రెండవది ధర్మానికి సంబంధించినది. రెండింటినీ విడదీసి చూడడం వల్లనే ఈ విషయంలో చాలా చిక్కులు ఏర్పడినవి.

పాశ్చాత్యదేశాలలో ఈ విచారం చాల ప్రాచీనం. నిజముగా చూచినప్పుడు ఏవగింపు కలిగించే మృగాలను, శవాలను, చక్కగా చిత్రించిన బొమ్మలలో చూచి మనుష్యులు ఆనందిస్తారని అరిస్టాటిల్ గుర్తించినాడు. విషాదాంత నాటకం జాలినీ భయాన్నీ రేపి, వాటిని శుద్ధి చేస్తుందని కూడ అన్నాడు. రోమన్ కవి లుక్రీషియస్ తన కావ్యంలో ఒక దృశ్యాన్ని కల్పించినాడు: సముద్రంలో తుపాను, ఎవరో పెనుగులాడుతున్నారు, గట్టుమీద నిలిచినవాడు దానిని చూస్తున్నాడు. అతనికి కలిగే తృప్తి ఇతరుల బాధ వల్ల కలిగినది కాదనీ, తాను ఆ ఆపదలో లేనన్న ఎరుక వల్ల కలిగినదనీ ఆ కవి వివరణ. 1757లో ఎడ్మండ్ బర్క్ ఉదాత్తతను గురించి వ్రాసిన గ్రంథంలో, ఆపద మరీ దగ్గరగా ఉన్నప్పుడు అది భయంకరమే గాని ఆహ్లాదకరం కాజాలదనీ, కొంత దూరంలో నిలిచినప్పుడే ఆహ్లాదం పుడుతుందనీ చెప్పినాడు. 1990లో భయానకం మీద ప్రత్యేకంగా ఒక తత్త్వగ్రంథం వ్రాసిన నోయెల్ కారొల్, ప్రేక్షకుణ్ణి లాగేది భయం కాదనీ, తెలియనిదానిని తెలుసుకోవాలన్న కుతూహలమనీ, భయమూ జుగుప్సా ఆ కుతూహలానికి చెల్లించే మూల్యమనీ వాదించినాడు.

ఈ సమాధానాలలో ప్రతిదానిలోను కొంత సత్యమున్నది. ఏ ఒక్కటీ చాలదు. గట్టుమీద నిలిచినవాని ఉపమానం చూడండి. హాలులోని ప్రేక్షకుడు గట్టుమీద నిలిచినవానివలె నిశ్చింతగా లేడు. అతడు కుర్చీలో ముడుచుకొని పోతున్నాడు. కళ్ళకు చేయి అడ్డం పెట్టుకొని వ్రేళ్ళ సందులలోనుండి చూస్తున్నాడు. ప్రక్కవాని భుజం తెలియకుండానే పట్టుకొంటున్నాడు. ఇక కుతూహలమే కారణమైతే రహస్యం తెలిసిన చిత్రాన్ని రెండవసారి చూడడానికి ఎవరూ వెళ్ళకూడదు. తలుపు వెనుక ఏమున్నదో తెలిసి కూడ ఆ తలుపు తెరుచుకొనే క్షణం కోసం మళ్ళీ మళ్ళీ వెళ్ళేవారు ఎందరో ఉన్నారు.

ఇటీవలి శాస్త్రజ్ఞులు భయాన్ని కొలిచి కూడ చూచినారు. డెన్మార్కులో మనుష్యులను భయపెట్టడానికే ఏర్పాటు చేసిన ఒక వినోదగృహంలో, సందర్శకుల గుండె వేగాన్ని గమనిస్తూ జరిపిన పరిశీలన 2020లో వెలువడినది. భయం మరీ తక్కువైనప్పుడూ ఆనందం తగ్గినది. మరీ ఎక్కువైనప్పుడూ తగ్గినది. నడుమ ఒక స్థాయిలో ఆనందం హెచ్చుగా ఉన్నది. వంటలో కారం సంగతి తెలిసిన ఇల్లాలికి ఇది క్రొత్త విషయం కాదు. ఎంత భయం కావాలో ఈ కొలత చెబుతుంది. ఎందుకు కావాలో, ఎవరిని గురించిన భయం కావాలో చెప్పదు. ఆ ప్రశ్నకు సమాధానం కావలసినవారు మన ఆలంకారికుల వద్దకు పోవలసి ఉన్నది.

కాశ్మీర దేశీయుడైన అభినవగుప్తుడు, ఇంచుమించు వేయి సంవత్సరాల క్రిందట, నాట్యశాస్త్రానికి వ్యాఖ్య వ్రాస్తూ రసమంటే ఏమిటో వివరించవలసిన ముఖ్యమైన తావులో శృంగారాన్ని ఉదాహరించలేదు, భయానకాన్ని ఉదాహరించినాడు. శాకుంతల నాటకారంభంలో దుష్యంతుని బాణానికి వెరచి, మెడ త్రిప్పి వెనుకకు చూస్తూ పరుగెత్తే లేడి ఆ ఉదాహరణం. ఆ లేడిని చూచినప్పుడు సహృదయునికి కలిగే భయం ఎవరిది? ‘నేను భయపడుతున్నాను’ అని అతడు అనుకొంటే లేచి పారిపోవాలి. ‘ఆ లేడి భయపడుతున్నది, నాకేమి?’ అనుకొంటే ఊరక చూస్తూ ఉండాలి. ఈ రెండూ జరగడం లేదు. నాది, పరునిది అన్న ఎల్లలు తొలగి, ఫలానా చోట ఫలానా కాలంలో అన్న హద్దులు తొలగి, కేవలం భయమే అతని హృదయంలో ప్రవేశించి కన్నులయెదుట మెలగినట్లు భాసిస్తున్నది. దీనినే సాధారణీకరణ మన్నారు. ఇట్టి భయంలో ‘నేను’ అన్నది కరిగిపోతుంది గనుక అది బాధ కాకుండా ఆస్వాదమవుతున్నదని అభినవగుప్తుని సిద్ధాంతం.

లుక్రీషియస్ చెప్పిన మనిషికీ, అభినవగుప్తుడు చెప్పిన సహృదయునికీ ఉన్న భేదం ఇక్కడ తేటపడుతుంది. మొదటివాడు మునిగేవానికి దూరంగా ఉన్నందుకు సంతోషిస్తున్నాడు. రెండవవాడు పరుగెత్తే లేడికి దగ్గర అయినందువల్ల ఆనందిస్తున్నాడు. తరుముతున్న రాజు ధర్మమూర్తియే. అయినా ఆ క్షణంలో ప్రేక్షకుని హృదయం విల్లు పట్టినవాని ప్రక్కన లేదు. ప్రాణాలు అరచేత పట్టుకొని పరుగెత్తే జంతువు ప్రక్కన ఉన్నది. భయానకానికి సంబంధించిన ధర్మప్రశ్న అంతా ఈ ఒక్క విషయంలో ఇమిడి ఉన్నది. మనం ఎవరితో కలిసి భయపడుతున్నాము? ఎవరిని చూచి భయపడుతున్నాము?

భరతుడు భయానకానికి నల్లని వర్ణాన్ని, కాలుణ్ణి అధిదేవతగాను నిర్ణయించినాడు. వికృతమైన అరుపులు, భూతదర్శనం, యుద్ధం, అరణ్యం, శూన్యగృహం – ఇవి ఈ రసానికి కారణాలు. నేటి చిత్రనిర్మాతల సామగ్రి అంతా ఈ పట్టికలో ఉన్నదని చదువరి నవ్వుకోవచ్చును. పాడుబడిన బంగళా, గాలికి కొట్టుకొనే తలుపు, నక్క కూత, పొగమంచు – వీటికి రెండువేల సంవత్సరాలనాటి పరంపర ఉన్నది. అయితే ఆ పట్టికలోనే భరతుడు మరొక కారణాన్ని కూడ చేర్చినాడు: గురువులపట్ల, రాజుపట్ల చేసిన అపరాధం. తరువాత ఈ రసాన్ని మూడు విధాలుగా విభజించినాడు: వ్యాజం వల్ల కలిగేది, అపరాధం వల్ల కలిగేది, ఉలికిపాటు వల్ల కలిగేది. ప్రేక్షకుని కోరిక ఏమిటో తెలుసుకోవడానికి ఈ విభాగం చక్కని దీపం.

ఉలికిపాటును ముందుగా చూదాము. తెరమీద నిశ్శబ్దం, కథానాయిక మేడమెట్లు ఎక్కుతున్నది, ఒక్కసారిగా పెద్ద చప్పుడు. హాలంతా ఉలిక్కిపడుతుంది. చూస్తే అది పిల్లి. వెంటనే హాలంతా నవ్వుతుంది. రామ్ గోపాల్ వర్మ 1992లో తెలుగులో ‘రాత్రి’గాను, హిందీలో ‘రాత్’గాను తీసిన చిత్రం చూచినవారికి, కంటికి ఏమీ కనబడకముందే చెవి ఎట్లు భయపడుతుందో తెలుసు. ఈ ఉలికిపాటు శరీరానికి సంబంధించినది. దీనిని తక్కువ చేయనవసరం లేదు. తండ్రి పసివాణ్ణి గాలిలోకి ఎగురవేసి పట్టుకొంటాడు. వాడు ఒక్క క్షణం బెదరి, కిలకిల నవ్వి, మళ్ళీ ఎగురవేయమంటాడు. పట్టుకొనే చేతులున్నవన్న నమ్మకమే ఆ ఆటకు మూలం. హాలులో ఆ చేతులు ప్రక్కవారివి. నలుగురితో కలిసి ఉలికిపడి, నలుగురితో కలిసి నవ్వడంలో ఒక స్నేహం ఉన్నది. నేల టిక్కెట్టువాడూ బాల్కనీ టిక్కెట్టువాడూ ఒకే క్షణంలో ఒకే విధంగా ఊపిరి బిగబట్టే సందర్భాలు లోకంలో ఎన్నో లేవు. ప్రేక్షకుని మొదటి కోరిక ఇది: భయపడేటప్పుడు తాను ఒంటరిగా ఉండకూడదు.

రెండవది వ్యాజం, అనగా నటించిన భయం. హిందీ చిత్రసీమలో భయానకానికి బాట వేసిన ‘మహల్’ (1949) ఈ కోవకు చెందినది. కమాల్ అమ్రోహీ దర్శకత్వం వహించిన ఆ చిత్రంలో అశోక్ కుమార్ ధరించిన శంకర్ అనే యువకుడు ఒక పాత భవనానికి వస్తాడు. గోడమీది పటంలో తన ముఖమే చూచుకొంటాడు. రాత్రి పూట ఒక స్త్రీ పాట వినబడుతుంది. మధుబాల పోషించిన ఆ ‘ప్రేతం’ చివరకు ఆ భవనపు తోటమాలి కుమార్తె అని తేలుతుంది. ప్రేతం నటన, కాని ఆ నటన వెనుక పరుగెత్తిన మనిషి పెండ్లాడి తెచ్చుకొన్న భార్యను జీవచ్ఛవంగా చేసినాడు. తన వైపు కన్నెత్తి చూడని భర్త ప్రక్కన సంవత్సరాలు గడిపి, చివరకు ఆమె విషం త్రాగుతుంది. చిత్రం చూచి వచ్చినవారికి చాలాకాలం వెంటాడేది పాట పాడిన ప్రేతమా, పలకరించే దిక్కులేని ఆ ఇల్లాలా అని అడిగితే, సమాధానం అంత సులభం కాదు.

వ్యాజానికి ఇంతకంటె లోతైన ప్రయోజనం ఉన్నదని 1993లో ఫాజిల్ మలయాళంలో తీసిన ‘మణిచిత్రతాళ్’ నిరూపించినది. ఈ కథ కన్నడంలో ‘ఆప్తమిత్ర’గా (2004), తమిళంలో ‘చంద్రముఖి’గా (2005), హిందీలో ‘భూల్ భులయ్యా’గా (2007) అవతరించినది, ‘చంద్రముఖి’ అనువాదం తెలుగువారికి సుపరిచితం. మూల చిత్రంలో గంగ అనే విద్యావంతురాలు భర్తతో అతని పూర్వుల ఇంటికి వచ్చి, మూసి ఉన్న గదిని తెరిపించి, ఒకప్పుడు అక్కడ బంధింపబడి చంపబడిన నాగవల్లి అనే తంజావూరు నర్తకి కథలో లీనమైపోతుంది. క్రమంగా తానే నాగవల్లి అవుతుంది. దయ్యం లేదనీ, ఇది మనోవ్యాధి అనీ వైద్యునికి తెలుసు. అయినా అతడు ‘దయ్యం లేదు, లేచి కూర్చో’ అని ఆమెకు ఉపన్యసించడు. మంత్రవేత్తతో కలిసి ఒక నాటకం ఏర్పాటు చేస్తాడు. పగ తీర్చుకోవడానికి నాగవల్లికి కత్తి అందిస్తారు. ఆమె తన శత్రువనుకొని నరికేది ఒక బొమ్మను. పగ తీరినది, ఎవరూ చావలేదు, గంగ గంగగా మేలుకొంటుంది.

ఈ ఘట్టాన్ని నిదానంగా ఆలోచించినవారికి అది భయానకరసానికే వ్యాఖ్యానమని తోస్తుంది. చిత్రంలో గంగకు జరిగినదే హాలులో ప్రేక్షకునికి జరుగుతున్నది. లోపల మూసి ఉన్న గది ఒకటి తెరుచుకొంటుంది. అందులోనుండి వచ్చినదానిని కాదనకుండా, దానికి కొంతసేపు వేషమూ భాషా ఇచ్చి, బొమ్మను నరకనిచ్చి పంపివేస్తారు. నాటకం అబద్ధమే, దానివల్ల కలిగిన స్వస్థత అబద్ధం కాదు. ప్రేక్షకుని రెండవ కోరిక ఇది: తన లోపలి చీకటికి ఎవరికీ హాని కలుగని వేదిక ఒకటి కావాలి.

మూడవది అపరాధం. మన దేశపు భయానకచిత్రాలకు ప్రాణం ఇక్కడున్నది. బిమల్ రాయ్ దర్శకత్వంలో, ఋత్విక్ ఘటక్ రచనతో వచ్చిన ‘మధుమతి’ (1958) చూడండి. జమీందారు ఉగ్రనారాయణుని బారినుండి మానం కాపాడుకొనే పెనుగులాటలో మధుమతి ప్రాణం కోల్పోతుంది. సాక్షి లేడు. దోషిచేత నిజం చెప్పించడానికి ఆనంద్ ఒక ఉపాయం పన్నుతాడు: మధుమతి పోలికలు గల మరొక యువతిని ప్రేతంగా నటించమంటాడు. ఆమె వచ్చి నిలదీస్తుంది, ఉగ్రనారాయణుడు నేరం ఒప్పుకొంటాడు, పోలీసులు వింటారు. అంతా ముగిసిన తరువాత, నటించవలసిన యువతి అప్పుడే ఆలస్యంగా వస్తుంది. అంతకుముందు వచ్చి సాక్ష్యం ఇచ్చినది ఎవరో అప్పటికిగాని ఆనందుకు బోధపడదు. ఈ క్షణంలో ప్రేక్షకుని ఒళ్ళు గగుర్పొడుస్తుంది. కాని ఆ గగుర్పాటులో ఎంత సంతృప్తి ఉన్నదో గమనించండి. బ్రతికి ఉన్నంతకాలం ఆమె మాట విన్న న్యాయస్థానం లేదు. చచ్చిన తరువాత ఆమె స్వయంగా వచ్చి చెప్పవలసి వచ్చినది. మన కథలలో దయ్యం తరచు నేరస్థురాలు కాదు, అది వాది. పగటి కచ్చేరీలలో విచారణకు రాని వ్యాజ్యాలు రాత్రిపూట ఆ పాడుబడిన బంగళాలలో విచారణకు వస్తున్నవి.

జానపదుల నమ్మకాలు కూడ దీనినే సూచిస్తున్నవి. ఉత్తరభారతంలో ‘చుడేల్’ అని చెప్పుకొనే దయ్యం సాధారణంగా కాన్పులో గాని, అత్తవారింటి ఆరళ్ళ వల్లగాని చచ్చిన స్త్రీ. పాదాలు వెనుకకు తిరిగి ఉంటవి. ఆమె మొదట పట్టేది తనను బాధించిన ఇంటివారినేనని కొన్ని ప్రాంతాలలో చెప్పుకొంటారు. ఈ నమ్మకంలో శాస్త్రం లేదు. కాని ఒక గ్రామపు అంతరాత్మ ఉన్నది. ఆకలితో, అలక్ష్యంతో, వైద్యం లేక చచ్చిన కోడలిని గురించి ఊరు బయటికి ఏమీ అనలేదు. లోలోపల మాత్రం, చేసినది తప్పని ఎరిగి ఉన్నది. ఆ ఎరుకే రాత్రిపూట చెట్టుక్రింద తెల్లచీరతో నిలబడుతున్నది.

భయం స్త్రీలకు, నీచప్రకృతులకు సహజమని భరతుడు వ్రాసినాడు. అమర్ కౌశిక్ తీసిన ‘స్త్రీ’ (2018) అనే హిందీ చిత్రం ఆ మాటను తలక్రిందులు చేసి, ప్రేక్షకులను నవ్విస్తూనే భయపెట్టినది. మధ్యప్రదేశంలోని చందేరీ పట్టణంలో ఉత్సవపు నాలుగు రాత్రులు ఒక ప్రేతం పురుషులను మాత్రమే ఎత్తుకొనిపోతుంది. చీకటి పడితే బయటికి పోరాదని, ఒంటరిగా తిరుగరాదని, పిలిస్తే వెనుదిరిగి చూడరాదని పురుషులకు హితోపదేశాలు మొదలవుతవి. హాలులోని స్త్రీలు ఎందుకు అంత ఆనందంగా నవ్వుతారో వేరే చెప్పనక్కరలేదు. రేపు రమ్మని తలుపుమీద వ్రాసి దయ్యాన్ని వాయిదా వేసే ఆచారం ఒకప్పుడు కర్ణాటకంలోను, తెలుగు పల్లెలలోను ఉండేది. చందేరీ ప్రజలు చివరకు ఆ వ్రాతను మార్చి, తమను కాపాడవలసిందని ఆమెనే ప్రార్థిస్తారు. గౌరవం దొరకనంతకాలం ఆమె భయహేతువు. దొరికిన తరువాత రక్షకురాలు. అదే సంవత్సరం వచ్చిన ‘తుంబాడ్’లో రాక్షసుడున్నాడు, బంగారమున్నది, కాని పిల్లలు నిజంగా జడుసుకోవలసినది తండ్రి ఆశను చూచి. తండ్రి నేర్పిన దురాశను కొడుకు చివరకు వదలుకొన్నప్పుడుగాని ప్రేక్షకుని గుండె కుదుటపడదు. ప్రేక్షకుని మూడవ కోరిక, అతడు పైకి చెప్పనిది, ఇది: తప్పుకు లెక్క అడిగేవారు ఎక్కడో ఒకచోట ఉండాలి.

ఇంతవరకు వచ్చిన తరువాత నిందించేవారి మాట కూడ వినవలసి ఉన్నది. వారి ఆక్షేపణ చిన్నది కాదు. ఈ దేశంలో భయం హాలు గోడలమధ్య ఆగిపోవడం లేదు. మంత్రగత్తె అన్న ముద్రవేసి వితంతువులను, వృద్ధురాండ్రను, కొంచెం పొలమున్న ఒంటరి స్త్రీలను కొట్టి చంపిన సంఘటనలు ఝార్ఖండులో, అస్సాములో, ఒడిశాలో, మరికొన్ని చోట్ల జరిగినవి. తెలుగు ప్రాంతాలలో చేతబడి, బాణామతి అనే మాటలు ఎందరి ప్రాణాలు తీసినవో పత్రికలు చదివేవారికి తెలుసు. 1999లో బీహారు ప్రభుత్వం దీనికోసమే ఒక శాసనం చేసినది. తరువాత ఝార్ఖండు దానిని స్వీకరించినది. 2015లో అస్సాము శాసనసభ ఇంకా కఠినమైన చట్టాన్ని ఆమోదించినది. మంత్రగత్తె అని ముద్రవేయబడి, ఊరు వెళ్ళగొట్టగా, తనవంటి స్త్రీలకోసం నిలబడిన ఝార్ఖండు నివాసిని ఛుట్నీ దేవి. అదే పోరాటంలో జీవితం గడిపిన అస్సాము వనిత బీరూబాలా రాభా – ఈ ఇద్దరికీ 2021లో పద్మశ్రీ లభించినది. ఇట్టి దేశంలో దయ్యాల చిత్రాలు వినోదమని ఎట్లు అనగలమని అడిగేవారికి సమాధానం చెప్పవలసిందే.

సమాధానం ఆ రెండు భయాలను ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే దొరుకుతుంది. ఊరిలో ఒక ముసలమ్మ గుడిసెను చుట్టుముట్టిన గుంపు కూడ భయపడుతున్నది. అది కూడ నలుగురితో కలిసి భయపడడమే. అందులోనూ ఒక విధమైన ఉత్సాహమున్నది. ఈ మాట కటువైనా నిజం. కాని అక్కడ సాధారణీకరణం జరుగలేదు. ‘నా బిడ్డ’, ‘నా గొడ్డు’, ‘ఆమె కన్ను’ అన్న మమకార ద్వేషాలు కరగలేదు సరికదా, గడ్డకట్టినవి. నాటకమన్న ఎరుక లేదు. నరకడానికి బొమ్మ లేదు, మనిషి ఉన్నది. అభినవగుప్తుని సహృదయుడు లేడి ప్రక్కన నిలిచినాడు. ఈ గుంపు లేడిని తరుముతున్నది. రసానికీ హింసకూ నడుమనున్న గీత ఇదే. భయానకరసాన్ని ఆస్వాదించడం తెలిసిన మనస్సు, తరుమబడే ప్రాణి కళ్ళతో చూడడం కొంత నేర్చుకొన్నది. ఆ నేర్పు లేని భయమే రాళ్ళు పట్టుకొంటుంది.

అయితే అన్ని చిత్రాలూ ఈ నేర్పును ఇస్తున్నవని చెప్పరాదు. మంచి భయానకచిత్రమేదో, చెడ్డదేదో తెలుసుకోవడానికి ఉలికిపాట్లను లెక్కపెట్టనక్కరలేదు. చిత్రం ముగిసేసరికి మన భయం ఎవరిమీదికి మళ్ళినదో చూచుకొంటే చాలు. కొన్ని చిత్రాలలో దయ్యం పట్టిన కోడలిని స్తంభానికి కట్టి, వేపమండలతో కొట్టి, పొగపెట్టి, ఆమె అరుస్తుంటే మంత్రవేత్త విజయగర్వంతో నిలబడతాడు. దయ్యం పోతుంది, ఇల్లు చల్లబడుతుంది, ఆ దయ్యం ఎందుకు వచ్చినదని ఎవరూ అడగరు. ప్రేక్షకుడు ఆ ఇల్లాలి శరీరాన్ని చూచి జడుసుకోవడం నేర్చుకొని ఇంటికి పోతాడు. అట్టి చిత్రం వాదిని ముద్దాయిగా మార్చినది. అది ఊరి గుంపుకు దగ్గర చుట్టం. ‘మధుమతి’వంటి చిత్రాలు చూచినవాడు ఉగ్రనారాయణుణ్ణి చూచి జడుసుకొంటాడు. ఇంకొంచెం ఆలోచనాపరుడైతే, తన ఇంటిలో, తన వీధిలో, తనలో ఉన్న ఉగ్రనారాయణుణ్ణి వెదకుకొంటాడు. ఒకే చీకటి హాలు, ఒకే టిక్కెట్టు. ఇద్దరు ప్రేక్షకులు ఎదురెదురు దారులు పట్టినారు.

మరొక సందేహం మిగిలి ఉన్నది. తెరమీద దోషికి శిక్ష పడగానే న్యాయం జరిగినదన్న తృప్తి కలిగి, బయట జరుగవలసిన న్యాయాన్ని గురించిన తపన చల్లారిపోదా? ఈ అపాయం లేకపోలేదు. పగలు చట్టం చేయవలసిన పనిని రాత్రి దయ్యానికి అప్పగించి నిద్రపోయే సమాజానికి, దయ్యాల కథలు నిద్రమందుగా పనిచేయవచ్చును. ఛుట్నీ దేవికి న్యాయం ఏ ప్రేతమూ తెచ్చి ఇవ్వలేదు. బ్రతికి ఉండగానే ఆమె తన గొంతు తాను ఎత్తినది. చచ్చిన తరువాతగాని స్త్రీ మాటకు బలం రాదని చెప్పే కథ ఎంత అందమైనదైనా, దాని అందంలో ఒక సిగ్గు దాగి ఉన్నదని ప్రేక్షకుడు మరువరాదు. ఆ సిగ్గు కలిగినంతవరకే ఆ కథ సార్థకం.

ఇవన్నీ తెలుగు పాఠకునికి చిన్ననాట తెలిసిన ఒక కథలోనే ఉన్నవి. పదునొకండవ శతాబ్దంలో కాశ్మీర కవి సోమదేవుడు కథాసరిత్సాగరంలో చెప్పిన భేతాళకథలు తరువాత ఎన్నో భాషలలో పెరిగినవి. ‘చందమామ’ ద్వారా ఇంటింటా వినబడినవి. అర్ధరాత్రి, శ్మశానం, రాజు చెట్టుమీది శవాన్ని దించి భుజాన వేసుకొంటాడు. భయానకానికి భరతుడు చెప్పిన సామగ్రి అంతా అక్కడ ఉన్నది. కాని ఆ శవంలోని భేతాళుడు రాజు మెడ కొరకడు, కథ చెబుతాడు. కథ చివర ఒక ప్రశ్న వేస్తాడు: ఇందులో దోషం ఎవరిది? ఎవరి త్యాగం గొప్పది? న్యాయం ఏ పక్షాన ఉన్నది? సమాధానం తెలిసీ ఊరకుంటే రాజు తల పగిలిపోతుంది. రాజు చెబుతాడు. మౌనం భంగమైనది గనుక శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. రాజు మళ్ళీ వెళతాడు.

చూచిన చిత్రాన్నే మళ్ళీ చూడబోయే ప్రేక్షకుడు ఆ రాజు వంటివాడు. ఉలికిపాటు కోసం వెళుతున్నానని అతడు అనుకొంటాడు. అది శ్మశానం దాకా దారి చూపే మిణుగురు మాత్రమే. భుజంమీద బరువు వేసుకొన్న తరువాత చీకటిలో చెవి దగ్గర వినబడే ప్రశ్న వేరు. దీపాలు వెలిగి, జనం తలుపులవైపు కదలుతుండగా, దోషం ఎవరిదో అతనికి తెలుసు. తెలిసీ ఊరకున్నవాని గతి ఏమవుతుందో కథ ముందే చెప్పి ఉన్నది.